ఆటమూట విప్పవచ్చునా?

గార్లదిన్నె ప్రాంతమునుండి మా కేంద్రమునకు ఉత్తరములు తరచుగా వచ్చుచుండును. వాటిలో హెచ్చుభాగము విత్తనమును గూర్చియో, బోరుబావిని గూర్చియో, పంటల బీమాను గూర్చియో ఉండును. మొన్న వచ్చిన ఒక ఉత్తరము మాత్రము వేరు దారి పట్టినది. వ్రాసినవారు వేరుసెనగ రైతు. ఆయన మాటలను ఆయన పలుకుబడిలోనే వినిపించుచున్నాము.

"మా పెద్దోడు బెంగుళూరులో పాత ఆటల మిషనొకటి కొనుక్కొచ్చినాడు. దాన్ని ఏందేందో మార్చి, అందులో ఉండే ఆటను ఇప్పి, తెలుగు ఎక్కిస్తానని రాత్రంతా కూచుంటాడు. చెల్లెలి కోసమంట. పక్కింటాయన చూసి, ఇది దొంగసొత్తు లెక్క, కేసు పెడతారప్పా అన్నాడు. నాకు దిగులు పట్టింది. వాన్ని మానుకోమనాల్నా, వద్దా? మీరు రేడియోలో చెప్తే వాడు వింటాడు."

ప్రశ్న చిన్నది. జవాబు చెప్పబూనిన తరువాత గాని అది ఎంత దూరము పోవునో మాకు తెలియలేదు. మొదట చట్టపు పుస్తకము తెరచితిమి. యంత్రమును చూడక చట్టము చదువుట, చేను చూడక పైరుకు మందు చెప్పుట వంటిదని తోచి, పుస్తకము మూసి, ఒక ఆదివారమునాడు గార్లదిన్నెకు పోతిమి. అనంతపురమునకు ఉత్తరముగా పెద్దరోడ్డు మీద అరగంట ప్రయాణము. ఇంటి వసారాలో బుడ్డల మూటలు పేర్చి ఉన్నవి. వేరుసెనగకాయలను ఈ సీమలో బుడ్డలందురు. లోపలి గదిలో టెలివిజను, దాని క్రింద వెడల్పైన నల్లని పెట్టె యొకటి. అది సోనీ కంపెనీవారి ప్లేస్టేషన్ 3. 2006లో జపానున వెలువడిన యంత్రము. 2017లో అక్కడ దాని తయారీ నిలిచిపోయినది. కొత్తవి వచ్చినకొలది పాతవి చేతులు మారుచు, ఇట్టి ఇండ్లకు చేరుచున్నవి.

ఆట మరేమియు కాదు, సేద్యము. తెరమీద పొలము దున్నుట, విత్తుట, కోయుట, అమ్ముట. తొమ్మిదేండ్ల చెల్లెలు అన్న ప్రక్కన కూర్చుండి చూచుచున్నది. ఆమె తెలుగు తడబడక చదువును, ఇంగ్లీషు కూడబలుకుకొనును. తెరమీద మబ్బు పట్టి వాన కురియగా, "అన్నా, వీళ్ళకు అడగంగానే వాన ఎట్లొస్తాది?" అని అడిగినది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో సరిపెట్టుకొను సీమలో పుట్టిన పిల్ల మరేమడుగును!

ఇక మూట సంగతి. ఈ యంత్రములో ఆటలును, వాటి సవరణలును ప్యాకేజి అను రూపమున వచ్చును. ఫైలు పేరు చివర పి.కె.జి. అను మూడక్షరములుండును. పేరునకు తగినట్లు అది మూటయే. అందులో ఆట నడుపు ప్రోగ్రాము, బొమ్మలు, పాటలు, తెరమీద కనబడు మాటల పట్టిక, అక్షరముల ఆకారములు గల ఫాంటు, ఆట పేరును గుర్తింపు సంఖ్యను తెలుపు చిన్న చీటీ, అన్నియు కట్టి ఉండును. మూటకు రెండు కాపుదలలు. ఒకటి తాళము: లోని సరకు సంకేత రూపమున ఉండుటచే విప్పి చదువుటకు వీలులేదు. రెండవది ముద్ర: కంపెనీ వేసిన సంతకము సరిపోలినగాని యంత్రము దానిని నడపదు. లోపల ఒక్క అక్షరము మార్చినను ముద్ర చెల్లదు. కుర్రవాండ్రు "మాడ్ చేసిన మిషను" అనునది ఈ ముద్రను గూర్చి పట్టుబట్టకుండ సవరించిన యంత్రమన్నమాట.

ఆ ముద్ర రహస్యము బయటపడిన కథ వినదగినది. మొదట సోనీ వారే ఈ పెట్టెలో లినక్స్ వంటి వేరొక వ్యవస్థను ఎక్కించుకొనుటకు అనుమతించిరి. అమెరికా వైమానికదళము వారు ఇట్టి పెట్టెలను సుమారు 1,700 జతచేసి 2010లో ఒక మహాగణకమునే నిర్మించిరి. 2010 ఏప్రిల్ 1న ఒక సవరణతో కంపెనీ ఆ సౌకర్యమును తొలగించినది. ఇచ్చినదానిని తిరిగి తీసికొనుట చాలమందికి రుచింపలేదు. అదే సంవత్సరము డిసెంబరులో, బెర్లినులో జరిగిన 27వ కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెసున, ఫెయిలోవర్‌ఫ్లో అను బృందము ముద్రలోని లోపమును సభాముఖమున వివరించినది.

లోపమిది. ముద్ర వేయుటకు కంపెనీ దాచుకొన్న రహస్యసంఖ్య యొకటి కావలెను. దానికి తోడు, ఆ ఒక్క ముద్రకే పనికివచ్చు మరియొక సంఖ్య కావలెను. ఈ రెండవది ప్రతిసారి మారవలెను, ఊహకందరాదు. సోనీ వారి ముద్రలలో అది మారనే లేదు. రెండు సమీకరణములుంచి రెండు అవ్యక్తరాశులను సాధించుట హైస్కూలులో నేర్చినవారికి తక్కిన కథ తేటపడును. రెండు ముద్రలు చేతబట్టి లెక్క వేసినచో దాచిన సంఖ్యయే చేతికి వచ్చును. 2011 జనవరిలో జార్జ్ హాట్జ్ అను అమెరికా యువకుడు యంత్రపు మూలసంఖ్యను వెల్లడించగా, కంపెనీ అతనిపై దావా తెచ్చినది. కొన్ని నెలలకే అది రాజీ అయినది.

మా గార్లదిన్నె కుర్రవానికి ఈ చరిత్రమంతయు కంఠస్థము. కాని అతని కష్టము తాళముతో కాదు, తెలుగుతో. హైదరాబాదు వారు ఇట్టి యంత్రములకు ఆటలు చేయలేదా యన్న చేసినారు. 2009లో ప్లేస్టేషన్ 2 కొరకు ఆరోనా టెక్నాలజీస్ వారు "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆటను, గేమ్‌శాస్త్ర వారు "దేశీ అడ్డా" అను ఆటను నిర్మించిరి. అయినను ఈ పెట్టెలోని భాషల పట్టీలో తెలుగు లేదు. ఇతడు కొన్న ఆటలోను లేదు.

"స్త్రీ" అను అక్షరమును చూడుడు. మనకది ఒక్క అక్షరము. గణకమునకు ఆరు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుర్తు. యూనికోడ్ అను అంతర్జాతీయ ఏర్పాటులో 1991నుండి తెలుగునకు 128 గళ్ల పుట కలదు; ఈ ఆరును అందులోనివే. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలిన చోట, వాడుకలోనున్న యుటిఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతము ఒక్కొక్కటికి మూడేసి కావలెను. అనగా స్త్రీకి 18 బైట్లు. సంకేతములను గుర్తించి ఒత్తును అడుగునకు, గుడిని పైకి చేర్చి ఒక్క ఆకారముగా మలచునట్టి ప్రోగ్రాము ఫోనులలో, కంప్యూటర్లలో ఉన్నది. ఈ ఆటలో లేదు. దీనికి తెలిసినది ఒక్కటే: ఒక సంకేతము, ఒక బొమ్మ, ఎడమనుండి కుడికి వరుసగా నిలబెట్టుట. తొలిసారి అతడు తెలుగు ఎక్కించినపుడు తెరమీద హల్లులు, పొల్లులు, గుడులు వేటికవి విడివడి, అచ్చుకూటమిలో అక్షరముల పెట్టె బోర్లపడినట్లు కనిపించినవట. చెల్లెలు చూచి, "అన్నా, ఇది తెలుగేనా?" అన్నదట.

కుర్రవానిని నిందింపబనిలేదు. లోకమున పెద్దపేరుగల కంపెనీలే ఈ ఒత్తులకడ బోర్లపడినవి. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులకు పట్టిన తెగులు చాలమందికి జ్ఞాపకముండును. "జ్ఞా" అను అక్షరపు ఒకానొక కూర్పు సందేశములో వచ్చినచో చాలు, దానిని చూపబోయిన అప్లికేషను కుప్పకూలెడిది. ఆ నెల 19వ తేదీన 11.2.6 అను సవరణ వచ్చువరకు ఆ బాధ తీరలేదు. అంత ఖరీదుగల పరికరము జ్ఞానమును మోయలేకపోయినదని ఆనాడు మేమును నవ్వుకొంటిమి.

అతడు కనిపెట్టిన ఉపాయము, తెలుసుకొన్నకొలది, మన పాత కంపోజిటర్లకు నచ్చదగినదిగా కనిపించినది. ఆటలోని ఫాంటులో ఫ్రెంచి, జర్మను, స్పానిషు భాషలకు కావలసిన గుర్తుల అక్షరములకు గళ్లున్నవి. అవి ఆ ఇంట ఎవరికిని అక్కరలేదు. ఒక్కొక్క గడిలోని బొమ్మను చెరిపి, అక్కడ ఒక తెలుగు అక్షరమును గుణింతముతో, ఒత్తుతో సహా పూర్తిగా గీసినాడు. తరువాత మాటల పట్టికలో ఆ గళ్ల సంకేతములను వరుసపెట్టి వ్రాసినాడు. ఆట దృష్టిలో అది ఏదో అర్థములేని ఫ్రెంచి. పిల్ల కంటికి తేట తెలుగు.

అయితే గళ్లు పరిమితము. తెలుగు గుణింతములన్నియు ఒత్తులతో గీయబూనిన వేలు కావలెను. అందుచే అతడు మాటలనే ఏరుకొనవలసి వచ్చినది. ఒక రూళ్ల నోటుబుక్కు మాకు చూపినాడు. ఎడమ ప్రక్క మొదట వ్రాసి కొట్టివేసిన మాటలు, కుడి ప్రక్క నిలిచినవి. వ్యవసాయము పోయి సాగు వచ్చినది. వర్షము పోయి వాన వచ్చినది. ప్రారంభించు అనుటకు బదులు ఆడు. నిష్క్రమించు అనుటకు బదులు చాలు. ఆటను భద్రపరచుట అనుటకు దాచు. ఒత్తులు గల మాటకు గడి ఖర్చు. ఒత్తులేని మాటకు ఉన్న గళ్లే చాలును. మేము ఏండ్లతరబడి వార్తల తర్జుమాలో ప్రయాసపడి సాధింపలేనిదానిని గళ్ల కరవు ఇతనిచే సాధింపజేసినది. మరియొక చిత్రము: యెస్ అను మాటకు ఇంగ్లీషున మూడక్షరములు, అవును అనుటకును మూడు గళ్లే, నో అనుటకు రెండు, కాదు అనుటకును రెండే. ఈ రెండు మాటలును ఉన్నచోటనే ఉలికిపడక ఒదిగినవట. పెద్దవాక్యములు అట్లు ఒదుగవు. ఒక మాట తన చోటు దాటినచో తరువాతి మాటను మ్రింగివేయును. అపుడు ఏ మాట ఎక్కడ మొదలగునో తెలుపు సూచికనంతటిని దిద్దుకొనవలెను. ఒక మారు ఇట్లు దారి తప్పి, ఎద్దును కొనబోయిన చోట "విత్తనాలు లేవు" అను మాట కనిపించినదట. ఇవన్నియు సరిచేసి, మూటను తిరిగి కట్టి, లెక్కతప్పని పరీక్షాసంఖ్యలను వేసి, అపుడు పెట్టెలో ఎక్కించును.

ఇక చట్టము. మన కాపీరైటు చట్టము 1957 నాటిది. తరువాత పలుమారులు సవరింపబడినది. దాని 52వ సెక్షను, ఏ పనులు హక్కుల ఉల్లంఘన కావో చెప్పును. న్యాయముగా, స్వయముగా సంపాదించుకొన్న ప్రతినుండి, వ్యాపారమునకు గాక సొంత వాడుకకై, కంప్యూటరు ప్రోగ్రామును నకలు తీసికొనుటయు మార్చుకొనుటయు ఉల్లంఘన కాదని ఆ సెక్షనులో స్పష్టముగా ఉన్నది. బొమ్మలు, మాటలు మొదలగు తక్కిన రచనలను సొంత వాడుకకు న్యాయమైన మేర ఉపయోగించుటకును అదే సెక్షను చోటిచ్చుచున్నది. తాళము సంగతి 65ఎ అను సెక్షనులో, 2012 సవరణతో వచ్చినది: హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో కాపుదలను ఛేదించినవానికి రెండేండ్ల వరకు ఖైదు, జరిమానా. ఉద్దేశముతో అను మాటను శ్రోతలు గమనింపవలెను. చట్టము నిషేధింపని పనికై తాళము తీసినచో ఆ సెక్షను అడ్డురాదు. కాని ఇతరులకు తాళము తీసిపెట్టు దుకాణదారు, ఎవరికి తీసిపెట్టినాడో వారి పేరు, చిరునామా, కారణముతో సహా వ్రాసి ఉంచుకొనవలెను. అమెరికాలో దారి ఇంత విశాలము కాదు; అక్కడ 2010లో ఫోనుల తాళము తీయుటకు మినహాయింపునిచ్చిన అధికారులు, 2012లో ఆటయంత్రములకు అడిగినపుడు నిరాకరించిరి.

ఈ సెక్షనులను చదివి వినిపించుచుండగా రైతుకు విసుగు పుట్టినట్లు కనిపించినది. వసారాలోని మూటలను చూపి వేరొక విధమున చెప్పితిమి. 2001 నాటి వృక్షరకముల సంరక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము, రైతు తన పంటలో విత్తనము దాచుకొనవచ్చును, తిరిగి విత్తుకొనవచ్చును, ఇతరులకు ఈయవచ్చును, అమ్మనువచ్చును. బ్రాండు పేరు వేసిన విత్తనముగా మాత్రము అమ్మరాదు. ఆయన వెంటనే, "అంటే సంచి మీద పేరు వాళ్ళది, గింజ మనది" అనెను. కొంతవరకు అంతే. కాని తేడా యొకటి కలదు. దానిని దాచిపెట్టుట న్యాయము కాదు. గింజను ప్రక్కచేనివానికి పంచవచ్చును. ఆటను పంచరాదు. మార్చిన మూటను స్నేహితులకు నకలు తీసి ఇచ్చినను, ఇంటర్నెట్టున పెట్టినను, కంపెనీ సరకును పంచిపెట్టినట్లే యగును. తర్జుమా హక్కు కూడ కర్తదే. ఇందుచేతనే ఈ పని చేయువారిలో తెలివిగలవారు మూటను పంచక, తాము మార్చిన భాగములను మాత్రము చిన్న ఫైలుగా పంచుకొందురు. ఆట కొన్నవాడే దానిని తన ప్రతికి అతికించుకొనును. అదియును హక్కుదారు అనుమతి లేక పూర్తిగా నిర్దోషమని మేము చెప్పజాలము. పరుల సరకు అందులో లేదని మాత్రము చెప్పగలము.

"మరి ఆట కొన్నదేనా?" అని అడిగితిమి. అతడు డిస్కును, దాని పెట్టెను తెచ్చి చూపెను. బాగుగనే ఉన్నది. అంతలో తెరమీద వరుసగా మరి పదునాలుగు ఆటల బొమ్మలు మా కంటబడినవి. వాటి డిస్కులేవనగా కుర్రవాడు తల వంచుకొనెను. "అవి నేను పెట్టలేదు సార్. అమ్మినాయనే ఎక్కించి ఇచ్చినాడు." తండ్రి మా వైపు చూచెను. పొరుగాయన మాటలో ఈ మేరకు నిజమున్నదని ఒప్పుకొనక తప్పలేదు. ఎక్కించినవాడెవడైనను ఇప్పుడు పెట్టె వీరిది. ఆ నకళ్లు ఉంచుకొనుటకు 52వ సెక్షనులో చోటు లేదు. తీసివేయుమని చెప్పితిమి. మా యెదుటనే పదుమూడు తీసివేసెను. ఒకదానికడ ఆగి, "ఇది ఇప్పుడెక్కడా అమ్మరు సార్. నేను తీసేస్తే ఇంగ దొరకదు" అనెను. అతడు చెప్పినది అబద్ధము కాదు. అమ్మువాడు అమ్మక, కొనదలచినవాడు కొనలేక, ఆట అంతరించుట లోకమున నిత్యము జరుగుచున్నది. హక్కు మాత్రము దశాబ్దముల తరబడి నిలిచియుండును. అమ్మకము ఆగినంతనే అది పోదు. ఇట్టి ఆటలకు చట్టములో మినహాయింపు ఉండదగునని మా అభిప్రాయము, నేడు లేదు. ఆ మాటయే అతనికి చెప్పితిమి. తీసివేసెనో లేదో మేము చూడలేదు, తండ్రి కాఫీకి పిలిచెను.

ఈ పనికి దిగదలచిన ఇతర యువకులకు రెండు మూడు మాటలు. మొదటిది కరెంటు సంగతి. మూటను మార్చుటలో పొరబాటైనచో ఆట మాత్రమే చెడును. మరల మొదటి మూటను ఎక్కించుకొనవచ్చును. యంత్రపు లోపలి వ్యవస్థను వ్రాయుచుండగా కరెంటు పోయినచో పెట్టెయే చచ్చిపోవచ్చును. మన పల్లెలలో సాయంకాలపు కరెంటును నమ్మి ఆ పనికి పూనుకొనుట సాహసము. ఇన్వర్టరు ఉన్నవారింట, లోపలి వ్యవస్థ నకలును ముందుగా దాచుకొని మరీ చేయవలెను. మొదటి మూటను కూడ చెక్కుచెదరకుండ వేరొకచోట ఉంచుకొనవలెను. మార్చిన యంత్రముతో కంపెనీ నెట్‌వర్కులో చేరినచో, వారి షరతుల ప్రకారము ఖాతాను నిలిపివేయవచ్చును. ముక్కు మొగము తెలియనివారు ఉచితముగా ఇచ్చు మూటలను ఇంటి కంప్యూటరులో విప్పుట, దారిన దొరికిన మందుపొట్లము మ్రింగుట వంటిది.

రైతునకు మా జవాబు ఆనాడే చెప్పితిమి, ఇప్పుడు రేడియోలోను చెప్పుచున్నాము: కొన్న ఆటను ఇంట విప్పి చెల్లెలికొరకు తెలుగు చేసికొనుటలో తప్పులేదు, నకలు ఆటలను ఉంచుకొనుట తప్పు, మార్చినదానిని అమ్ముట, పంచుట తప్పు. ఆయన, "సరే. అయితే పదిగంటలకు పండుకోమని చెప్పండి" అనెను. అదియు చెప్పితిమి.

బయలుదేరబోవగా కుర్రవాడు నోటుబుక్కు తెచ్చి, కుడి ప్రక్క ఖాళీగా ఉన్న ఒక వరుసను చూపెను. ఆటలో చలికాలమున తెల్లని స్నో కురిసి పైరు చచ్చిపోవును; దానికి ఏ మాట వ్రాయవలెను? మంచు అంటిమి. మూలన కూర్చున్న అవ్వ ఒప్పుకొనలేదు. "మంచు తెల్లారి పడేది గదప్పా. మంచుకే గదా నల్లరేగట్లో పప్పుశెనగ పండేది. మంచుకు పంట పోవడమేంది?" అన్నది. ఆమెకు మేము జవాబు చెప్పలేకపోతిమి. హిమము అనుటకు కుర్రవానికి గడి ఉన్నది గాని, చెల్లెలికి అర్థము కాదట. ఆ వరుస ఇంకను ఖాళీగనే ఉన్నది. మూడు గళ్లకు మించని మాట ఏదైనను తోచిన శ్రోతలు మా కేంద్రమునకు ఒక కార్డు వ్రాసినచో అతనికి అందజేయుదుము.